చాలు అన్న ఒక్క మాట

ఆదివారం ఆరాధనలో పాటలు ముగిశాక, వాక్యోపదేశం మొదలయ్యేలోగా సాక్ష్యాల వేళ ఉండేది. ప్రభువు తమకు చేసిన మేలును ఒకరి తరువాత ఒకరు లేచి నలుగురి ముందు చెప్పుకొనే సమయం అది. ఒకామెకు కిక్కిరిసిన బస్సులో సీటు దొరికింది. ఒకాయన మరిచిపోయిన గొడుగు మరిచిన చోటే కనబడింది. ఇంకొకాయన తన పంటినొప్పి ప్రార్థనతోనే మాయమైందని కళ్ళనీళ్ళతో చెప్పి, పన్ను పీకించుకున్న సంగతి మాత్రం మింగేశాడు. సంఘంలో నోరున్న ప్రతివాళ్ళూ ఏదో ఒక ఆదివారం లేచినవాళ్ళే. ఇన్నేళ్ళలో ఒక్కసారీ లేవనిది వెనక వరుసలో గుమ్మం పక్కన కూర్చునే ఇస్త్రీ అక్క ఒక్కతే.

ఆమె పక్కన కూర్చునే టైలరు వదిన ప్రతి వారం మోచేత్తో పొడిచేది.

"లే వదినా, ఏదో ఒకటి చెప్పు. దేవుడు నీకు ఈ వారం ఏమీ చేయలేదా?"

"ఎందుకు చేయలేదు? వానొచ్చినా బొగ్గులు తడవలేదు."

"అదే లేచి చెప్పు మరి!"

"చెప్తే వచ్చే వారం తడుస్తాయి. ఊరుకో."

సందు మొదట్లో ఒక రేకుల పంచ, దాని కింద పాత దుప్పట్లు దొంతరగా పరిచిన బల్ల, బల్ల మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె. పగలంతా ఆమె లోకం అదే. పంచ వెనక ఒక్క గది. కట్టుకున్నవాడు పోయి చాలాకాలమైంది, కడుపు పండలేదు, కాబట్టి ఆ గదిలో ఆమెకు తోడు ఆమె నీడే. అయినా సంఘమంతా ఆమె చేతిమీదుగానే ఆదివారానికి తయారయ్యేది. పాస్టరుగారి తెల్లకోటు, పాటలు పాడేవాళ్ళ పొడుగు అంగీలు, సంఘపెద్ద చొక్కాలు, అన్నీ ఆ బల్ల మీదే చదునయ్యేవి. కాలరును ముందు లోపలివైపు రుద్ది, ఆ తరువాతే పైవైపుకు తిప్పేది. కనబడని వైపు సరిగా ఉంటే కనబడే వైపు దానంతటదే నిలుస్తుందని ఆమె లెక్క. "మన సంఘం పరిశుద్ధతలో సగం ప్రభువు ఇచ్చాడు, సగం ఇస్త్రీ అక్క ఇచ్చింది" అని టైలరు వదిన నవ్వేది.

పెద్దాసుపత్రిలో నర్సుల కోట్లు అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడు ఆమె ఒకసారి వెనకవైపు వార్డులోకి తొంగిచూసింది. ఎవరూ రానివాళ్ళను పడుకోబెట్టే వార్డు అది. ఒక ముసలాయనను పక్కకు తిప్పుతున్నారు. ఆయన వీపు మీద ఎర్రటి గీత ఒకటి ఏటవాలుగా పోతోంది. కింద నలిగిన దుప్పటిలోని ముడత కూడా సరిగ్గా అదే వాలున ఉంది. ముడతల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? ఆ దుప్పటిని లాగి, మడిచి, చంకన పెట్టుకొని ఇంటికి తెచ్చింది. ఉతికి, ఆరేసి, పెట్టె బాగా కాగాక రుద్ది, తీసుకెళ్ళి ఆయన కింద పరిచింది. అప్పటినుంచి అదొక అలవాటయింది. మధ్యాహ్నం బొగ్గులు మందగించే వేళకు దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకొని వెళ్ళడం, పరవడం, తిప్పి పడుకోబెట్టడం, తడిసినవి మోసుకురావడం. ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర పెద్ద మాటలు లేవు. ముడత పుండవుతుంది, పుండు మనిషిని తింటుంది. ఆమె నేర్చుకున్న వేదాంతమంతా అంతే.

ఆ వార్డులోనే ఒకరోజు గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని ఇవతలికి తిప్పబోయి ఆగిపోయింది. ఆమె టీచరమ్మ. సంఘంలో పిల్లలందరికీ ఆదివారపు బడి చెప్పిన టీచరమ్మ. ఇస్త్రీ అక్కకు చిన్నప్పుడు వేలు పట్టి అక్షరాలు దిద్దించిన టీచరమ్మ. అన్నిటికీ మించి, సంఘపెద్దకు తోడబుట్టిన అక్క. తల్లీతండ్రీ పోతే తమ్ముణ్ణి చంకన వేసుకొని పెంచి, వాడి చదువు, వాడి పెళ్ళి, వాడి ఇల్లు అంటూ తన పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందని సంఘానికి తెలుసు. "బంధువుల దగ్గర మంచి వైద్యం జరుగుతోంది, ప్రార్థించండి" అని సంఘపెద్ద చెప్పాడు. అందరూ కళ్ళు మూసుకొని ప్రార్థించారు. కళ్ళు మూసుకున్నవాళ్ళకు పెద్దాసుపత్రి వెనక వార్డు ఎలా కనబడుతుంది? సంఘపెద్ద కారు డ్రైవరే ఆమెను తెచ్చి, ఎవరూ లేని మనిషని చెప్పి చేర్పించి వెళ్ళిపోయాడని నర్సు చెప్పిన ఆనవాళ్ళను బట్టి తెలిసింది.

ఇస్త్రీ అక్క ఎవరినీ నిలదీయలేదు. బట్టలు మోసే తోపుడుబండి మీద పరుపు వేసి, టీచరమ్మను పడుకోబెట్టి, పట్టపగలే తన గదికి తెచ్చుకుంది. బండి మీద బట్టల గుట్ట తప్ప ఇంకేమీ చూడడం అలవాటులేని వీధి, ఆ రోజూ ఏమీ చూడలేదు. గోడ అవతలే ఉండే టైలరు వదినకు మాత్రం చెప్పక తప్పలేదు.

టీచరమ్మకు మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "చాలు". ఆకలేసినా చాలు, దాహమేసినా చాలు, కోపమొచ్చినా చాలు. మొదట్లో ఇస్త్రీ అక్కకు దిక్కుతోచలేదు. జావ చెంచా నోటి దగ్గర పెడితే చాలంటుంది, తీసేస్తే చాలంటూ ఏడుస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఆ మాటలు వేరువేరుగా వినబడసాగాయి. కడుపు నిండినప్పటిది తలుపు మూసినట్టు పొట్టిగా ఉండేది. ఇంకా వేడి ఆరని దుప్పటి వీపు కిందికి వచ్చినప్పుడు 'చా' సాగి సాగి, 'లు' దగ్గర ఊపిరిలో కలిసిపోయేది. మందిరం వైపునుంచి పిల్లల పాట వినబడితే అదే మాటను రాగం వెంట నడిపించబోయేది. పక్క తడిసినప్పుడు మాత్రం రెండుసార్లు, తొందర తొందరగా, గడ్డం ఎడమ భుజానికి తగిలేలా తల తిప్పుకొని అనేది: "చాలు, చాలు." ఎందరో పిల్లల ముక్కులు తుడిచిన మనిషికి తన తడి ఇంకొకరు తుడవడం మహా సిగ్గు. ఆ చాలు వినబడగానే ఇస్త్రీ అక్క ముందు కిటికీ మూసేది, తరువాతే దుప్పటి ఎత్తేది.

"నా మొగుడికి లోకంలో ఉన్న మాటలన్నీ వచ్చు, ఒక్కటీ నాకు అర్థం కాదు" అంది టైలరు వదిన గుమ్మంలో నిలబడి. "ఈవిడకి వచ్చింది ఒక్కటే మాట, నీకు అన్నీ అర్థమవుతాయి. ఎట్లా వదినా?"

"నీ మొగుడి పక్క కూడా రోజుకు నాలుగుసార్లు మార్చి చూడు, అర్థమవుతుంది."

"వామ్మో! అర్థం కాకపోయినా పరవాలేదులే."

టీచరమ్మ పెదవి ఎడమ కొస కదిలింది. నవ్వే.

ఇస్త్రీ అక్క ప్రభువును అడిగింది ఒక్కటే. ఈ మనిషి బతికినన్నాళ్ళు పొడిగా, ఎవరి కంటా పడకుండా బతికి, ఈ మంచం మీదే కన్నుమూయాలి. 

పాస్టరుగారు ఈమధ్యే ఆ సంఘానికి వచ్చినవాడు. వయసులో చిన్న, ఉత్సాహంలో పెద్ద. ఒకనాడు కోటు కోసం తానే పంచ దాకా వచ్చి, గదిలోంచి వినబడిన గొంతు పట్టుకొని లోపలికి తొంగిచూశాడు. మంచం, మడత నలగని దుప్పటి, శుభ్రంగా దువ్విన తల. విషయం విని ఆయన కళ్ళు తడిశాయి.

"ఎవరమ్మా ఈమె?"

"చదువు చెప్పిన ఒక టీచరమ్మ అండి."

"నీకేమవుతుంది?"

"ఏమీ కాదండి."

"ఏమీ కాని మనిషికి ఇంత సేవా! అక్కా, ఇదీ సాక్ష్యమంటే! సంఘ వార్షికోత్సవం వస్తోంది. దిక్కులేనివాళ్ళకు దయాగృహం కట్టాలనుకుంటున్నాం, దూరం నుంచి పెద్దలొస్తున్నారు. నువ్వు లేచి చెప్పాలి."

"వద్దండి అయ్యగారూ. ఎవరికీ చెప్పకండి. ఆమె సిగ్గుపడుతుంది."

"సిగ్గెందుకు? దీపం వెలిగించి బుట్ట బోర్లిస్తామా?"

"ఆమె దీపం కాదండి, మనిషి. వెలుగు కళ్ళలో పడితే నిద్ర పట్టదు."

ఆయన నవ్వి, ఆమె వినయాన్ని మెచ్చుకొని వెళ్ళాడు. ఆ సంతోషాన్ని కడుపులో దాచుకోలేక వెళ్ళింది ఎవరి దగ్గరికంటే, దయాగృహం కమిటీకి అధ్యక్షుడైన సంఘపెద్ద దగ్గరికే. ఒక్కటే మాట వచ్చిన టీచరమ్మ అని వినగానే సంఘపెద్దకు వేరే ఆనవాళ్ళేమీ అక్కరలేకపోయాయి.

మర్నాడే సందు మొదట్లో కారు ఆగింది. అప్పుడు ఇస్త్రీపెట్టె కింద ఉన్నది ఆయన చొక్కానే.

"చెల్లెమ్మా, మా అక్కను ఇక్కడ పెట్టుకున్నావట."

"పెట్టుకున్నానండి."

"ఒక్క మాట చెప్పాల్సింది కదా. ఎక్కడెక్కడ వెతికామో!"

చొక్కా మాడకుండా ఆమె పెట్టెను పక్కకు దించింది. "ఆసుపత్రిలో వెతికారా అండి?"

ఆయన చూపు బల్ల మీది తన చొక్కా మీదికి దించుకున్నాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. మా ఇంట్లో ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో నీకు చెప్పుకోలేను. ఇప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. తీసుకెళ్తాను."

లోపలికి వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. అవి దొంగ ఏడుపులని ఇస్త్రీ అక్క ఎన్నడూ అనలేకపోయింది. టీచరమ్మ పనిచేసే చేతిని ఎత్తి తమ్ముడి తల మీద పెట్టి, అతని ముఖంలోకి చూస్తూ అంది:

"చాలు."

ఒక్కసారే. పొట్టిగానూ లేదు, సాగనూ లేదు. ఇస్త్రీ అక్క అంతకుముందు ఎన్నడూ వినని చాలు అది. ఏడ్చింది చాలు, నన్ను తీసుకుపో అన్నదా? నీతో బంధం చాలు, ఇక వెళ్ళు అన్నదా? 

"వెళ్తారా టీచరమ్మా?" అని వంగి అడిగింది.

"చాలు" అంది టీచరమ్మ, మళ్ళీ అదే గొంతుతో.

ఎంతైనా రక్తసంబంధం. పెద్ద ఇల్లు, పది చేతులు. ఒక్క మాటకు తెలియని అర్థాన్ని అడ్డంపెట్టి అక్కాతమ్ముళ్ళ మధ్య నిలబడడానికి తానెవరు? అలా అనుకొని ఆమె పక్కకు జరిగింది. ఇస్త్రీ చేసిన దుప్పట్లన్నీ మూటకట్టి కారులో పెట్టించింది. "ముడత లేకుండా పరవాలండి. పూటపూటకూ పక్కకు తిప్పాలి. రెండుసార్లు తొందరగా చాలు అంటే తడిసినట్టు" అని చెప్పబోతే, "మా ఇంట్లో పనివాళ్ళున్నారులేమ్మా" అన్నాడు సంఘపెద్ద. అద్దం పైకి లేచింది.

వార్షికోత్సవం నాడు మందిరం కిటకిటలాడింది. వేదిక మీద దూరం నుంచి వచ్చిన పెద్దలు వరుసగా కూర్చున్నారు. వాళ్ళ మనసు కరిగితేనే దయాగృహానికి గోడలు లేస్తాయి. సంఘపెద్ద సాక్ష్యానికి లేచాడు. బంధువులు వదిలేసిన దిక్కులేని వార్డులోంచి అక్కను తానెలా ఎత్తుకొచ్చిందీ, తన చేతులతో ఎలా కడుగుతున్నదీ, కింద ఒక్క ముడతైనా లేకుండా దుప్పటి ఎలా పరుస్తున్నదీ వివరించాడు. ఎవరికీ చెప్పకండి అన్న ఇస్త్రీ అక్క మాటను నిలబెడుతున్నాననుకొని పాస్టరుగారు ఊరుకున్నాడు.

టైలరు వదిన పళ్ళు కొరికింది. "అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే వదినా. నీ దుప్పటి, నీ రెక్కలు, సాక్ష్యం మాత్రం ఆయనది!"

"చెప్పుకోనీ. నిజంగా పరుస్తుంటే అంతే చాలు" అంది ఇస్త్రీ అక్క. ఆ చివరి మాట తన నోట వచ్చినందుకు తానే ఉలిక్కిపడింది.

అప్పుడు చక్రాల కుర్చీలో టీచరమ్మను వేదిక మీదికి తోసుకొచ్చారు. కొత్త బట్టలు, జుట్టులో కొత్త క్లిప్పు. దీపాల వెలుగుకు కళ్ళు చికిలిస్తోంది. పాస్టరుగారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"అమ్మా, ప్రభువు మీకు చేసిన మేలు గురించి సంఘంతో ఒక్క మాట!"

టీచరమ్మ గడ్డం ఎడమ భుజానికి తగిలింది.

"చాలు, చాలు."

పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. "విన్నారా! ఆయన కృప చాలు అంటున్నారు! సమస్తం పోగొట్టుకున్నా కృప చాలు అంటున్నారు!"

మందిరం హోరెత్తింది. హల్లెలూయలు, చప్పట్లు. 'నా కృప నీకు చాలును' అన్న వాక్యంతోనే పుట్టి పెరిగిన సంఘం అది. ఆ మాటను ఇంకోలా వినగల చెవి వాళ్ళకు లేదు. హోరు పెరిగేకొద్దీ టీచరమ్మ ఇంకా తొందరగా అంది: చాలు, చాలు. ఆమె అన్నప్పుడల్లా చప్పట్లు రెట్టించాయి. ముందువరుసలో ఎవరో మోకరించారు.

ఇస్త్రీ అక్క లేచి నిలబడింది. వేదిక దాకా పోవాలన్నదే ఆమె తొందర. కానీ జనం దారి ఇవ్వలేదు. "మన ఇస్త్రీ అక్క! ఇన్నేళ్ళకి సాక్ష్యం చెప్పడానికి లేచింది!" అని పాస్టరుగారు ఎలుగెత్తాడు. ఎవరో ఇంకో మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెట్టారు. మందిరం నిశ్శబ్దమైంది. వేదిక మీద టీచరమ్మ తల తిప్పుకొనే ఉంది.

"ఆమెకి తడిసిందండి" అంది ఇస్త్రీ అక్క. "గుడ్డ మార్చాలి."

నాలుగు మూలలా ఉన్న స్పీకర్లు ఆ మాటను తూచా తప్పకుండా అందరి చెవుల్లోనూ వేశాయి. వెనకెక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. వేదిక మీది పెద్దలు చూపులు పక్కకు తిప్పుకున్నారు. టీచరమ్మ కళ్ళు మూసుకుంది.

ఆ మూసుకున్న కళ్ళను చూశాక గానీ తాను ఏం చేసిందో ఇస్త్రీ అక్కకు తెలిసిరాలేదు. గదిలో కిటికీ మూయనిదే దుప్పటి ఎత్తని మనిషి, ఊరందరి ముందూ ఎత్తేసింది. 

ఆ తరువాత సంఘపెద్ద ఇంటి గేటు ఆమెకు తెరుచుకోలేదు. వెళ్ళినప్పుడల్లా "పెద్దమ్మగారు పడుకున్నారు" అనే జవాబు. ఆ ఇంటి చొక్కాలు రావడం మానేశాయి, వాటి వెనకే పాటలవాళ్ళ అంగీలూ మానేశాయి. పాస్టరుగారు ఒకనాడు పంచ దగ్గరికి వచ్చాడు.

"నా చెవిలో చెప్పాల్సింది అక్కా."

"అవునండి" అంది. అది నిజమే మరి.

చలికాలం ఇంకా వెళ్ళకముందే డ్రైవరు ఒక తెల్లగుడ్డ పట్టుకొని వచ్చాడు. టీచరమ్మను వార్డులో విడిచి వచ్చినవాడే. బల్ల మీద గుడ్డ పెట్టి, చేతులు నలుపుకున్నాడు.

"సాయంత్రం భూస్థాపన అక్కా. కప్పడానికి ఇది... కొంచెం బాగా రుద్దమన్నారు."

ఆమె గుడ్డ మడత విప్పి బల్ల మీద పరిచింది. అతనే చెప్పాడు. "స్నానం చేయించడానికి తిప్పితే, వీపు చూడలేకపోయామక్కా. నీ దుప్పట్ల మూట విప్పలేదు. స్టోరు గదిలో అట్లాగే ఉంది."

ఇస్త్రీ అక్క పెట్టెలో బొగ్గులు ఊది, నీళ్ళు చల్లి, గుడ్డను లోపలివైపు నుంచి మొదలుపెట్టింది. అంచులు, మూలలు, మధ్య. ఒక్క ముడత మిగలనీయలేదు. ఇక ఏ ముడతా ఆ వీపును ఏమీ చేయలేదని తెలిసి కూడా ఎక్కడా తొందరపడలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆ తల్లి చివరిదాకా పలికిన ఒకే ఒక మాటను గురించి మాట్లాడాడు. చాలామంది ఏడ్చారు. కొన్నాళ్ళకు రాయి నిలబెట్టారు. నల్లరాతి మీద తెల్లటి అక్షరాలతో, పేరు కంటే పెద్దగా: చాలు. దయాగృహానికి ఆమె పేరే పెడతారని ప్రకటించారు. దుప్పట్ల పని ఇస్త్రీ అక్కకే ఇద్దామని ఎవరో అన్నారట, కమిటీ ఆలోచిస్తోందట.

ఆమె ఆ రాయి దగ్గరికి ఒక్కసారి వెళ్ళింది. తమ్ముడి తల మీద చేయి పెట్టి అన్న ఆ చాలు ఏదో రాయిని చూసినా తేలలేదు. రాతిలో సాగదీతా లేదు, తొందరా లేదు. పెద్దాసుపత్రి వెనక వార్డుకు మూట మోయడం ఆమె మానలేదు. ఆదివారం గుమ్మం పక్కన కూర్చోవడమూ మానలేదు. సాక్ష్యాలప్పుడు టైలరు వదిన మాత్రం మోచేత్తో పొడవడం మానేసింది.

ఒక ఆదివారం చివరి ప్రార్థన ముగిసి అందరూ ఆమేన్ అంటుండగా, పక్కనుంచి ఇంకేదో రెండక్షరాల మాట వినబడి టైలరు వదిన తిరిగి చూసింది.

"ఏమన్నావు వదినా?"

"ఏం లేదు" అంది ఇస్త్రీ అక్క లేస్తూ. "పద. వార్డులో దుప్పట్లు ఎత్తాలి."